గట్టు దిగండి

సాయంత్రం ఐదున్నరకి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ హైస్కూలు గ్రౌండుకి వెళ్ళినా కనిపించేది ఒకటే. లోపల పిల్లలు పరిగెడుతుంటారు. గట్టు మీద, చెట్టు కింద, ఆపిన బండ్ల మీద అమ్మానాన్నలు కూర్చుని ఫోను చూసుకుంటుంటారు. గంట గడిచాక "చాల్లే, బేగి రా, హోంవర్కుంది" అని ఒక కేక. క్రికెట్ కోచింగుకో కరాటేకో ఫీజు కడుతున్నాం, బండి మీద దింపుతున్నాం, మళ్ళీ తీసుకొస్తున్నాం. ఇంకేం చెయ్యాలి అనుకుంటాం. ఆ గట్టు దిగాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది అదొక్కటే. పిల్లల్ని ఆటకి పంపే ఇంటికీ, పిల్లలతో కలిసి ఆడే ఇంటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా ముందు మన నడుముకి తెలుస్తుంది, తర్వాత వాళ్ళ మొహంలో కనిపిస్తుంది.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట చిన్న ఊరు. కరణం మల్లీశ్వరిది ఆ ఊరే. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్ బరువులెత్తే పోటీల్లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ రోజు సంగతి అందరికీ తెలుసు. అయితే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన కథ అంతకు ముందుది. ఆమదాలవలసలో కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గరికి వెళ్ళిన కొత్తలో ఆ పిల్ల మరీ బక్కగా ఉందని ఆయన చేర్చుకోలేదు. తల్లి శ్యామల మాత్రం నువ్వు చెయ్యగలవని వెన్నుతట్టి నిలబడింది. మల్లీశ్వరికి అప్పటికి పన్నెండేళ్ళు. అక్కాచెల్లెళ్ళు కూడా బరువులెత్తేవారు. అంటే ఆ ఇంట్లో వ్యాయామం ఒక పిల్ల ఒంటరిగా చేసే పని కాలేదు. ఇల్లంతటికీ అదే మాట, అదే ధ్యాస. అలాంటి ఇంట్లో పిల్లని పొద్దున్నే లేపడానికి బతిమాలక్కర్లేదు. పక్కన ఇంకొకరు ఎలాగూ లేస్తారు.

నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇదే సంగతి ఊరంత పెద్దదై కనిపిస్తుంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. అక్కడ పెద్దవాళ్ళు ఎత్తుతుంటే చూసి చిన్నవాళ్ళు ఎత్తడం నేర్చుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో బంధువుల ఇంట పెరిగి, అక్కడి వ్యాయామశాలల్లో ఒళ్ళు సాధన చేసి, తర్వాత పిల్లలకి వ్యాయామం నేర్పిన మాస్టారు కోడి రామ్మూర్తి నాయుడు. ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న కథలే మనం పిల్లలకి చెప్తాం. ఆయన బడి పిల్లలకి వ్యాయామ ఉపాధ్యాయుడన్న సంగతి కూడా చెప్పండి.

మన పిల్లలందరూ పతకాలు తేవాలని నా ఉద్దేశం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు వేడెక్కే కదలిక కావాలి. వారానికి కనీసం మూడు రోజులు అందులో గట్టి ఆయాసం, కండరాలకీ ఎముకలకీ బలమిచ్చే పని ఉండాలి. పెద్దవాళ్ళకైతే వారానికి 150 నుంచి 300 నిమిషాలు, రెండు రోజులు బలం పెంచే వ్యాయామం. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లవాడి గంటలో మీరు అరగంట కలిస్తే, వారంలో అయిదు రోజులకే మీ కోటా కూడా నిండిపోతుంది. వాకింగుకని మీరు వేరే, ఆటకని వాళ్ళు వేరే టైము వెతుక్కోనక్కర్లేదు.

టైము ఎక్కడుందంటారా? నిజమే, ఏడున్నరకి స్కూలు బస్సు, సాయంత్రం ట్యూషను, ఆపైన స్టడీ అవరు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టు చేసేవాళ్ళకి, జూట్ మిల్లుకి వెళ్ళేవాళ్ళకి వారానికో రకం నిద్ర. అందుకని రోజూ ఒకే వేళ అని నియమం పెట్టుకోకండి, నాలుగు రోజుల్లో తప్పుతుంది. మొదట్లో రోజులో ఎప్పుడో ఒకప్పుడు పావుగంట, అంతే. పగటి షిఫ్టు వారం సందెకాడ, రాత్రి షిఫ్టు వారం బస్సుకి ముందు. మొదటి నెల పావుగంట దాటనివ్వకండి. పిల్లలు "ఇంకొంచెంసేపు" అని అడుగుతుండగానే ఆపండి. అలా ఆపితే మర్నాడు చెప్పులు వాళ్ళే తెచ్చి మీ ముందు పడేస్తారు.

ఏమాడాలి అన్నదానికి నా దగ్గర మొదటి జవాబు ఏడుపెంకులాట. దీన్ని మించిన వ్యాయామం ఏ జిమ్ములోనూ నేను చూడలేదు. కూలిన పాత ఇంటి పెంకుముక్కలు ఏడు ఏరండి. అరచేతి వెడల్పువి అయితే మంచిది, అంచులు కాస్త నేలకి రాసి నున్నగా చెయ్యండి. ఒక రబ్బరు బంతి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గీత దగ్గర్నుంచి బంతితో కొట్టాలి. దొంతర పడగానే ఒక జట్టు పెంకులు తిరిగి పేర్చాలి, రెండో జట్టు బంతితో వాళ్ళని కొట్టి ఔటు చెయ్యాలి. ఇప్పుడు మీ ఒంటి సంగతి చూడండి. బంతి విసిరినప్పుడు భుజం, నడుము తిరిగాయి. తప్పించుకోడానికి పక్కకి దూకినప్పుడు చీలమండలు పనిచేశాయి. పెంకు పేర్చడానికి గొంతుకూర్చుని లేచినప్పుడు తొడలు. పది నిమిషాల్లో మీరు ఎన్ని బస్కీలు తీశారో మీకే తెలీదు. బస్కీలు తియ్యమని చెప్తే అన్ని తీసేవారా?

పెద్దవాళ్ళు కలిసే ఆటకి రెండు పద్ధతులు కావాలి. ఒకటి, బంతి మోకాలి కిందే తగలాలి. రెండు, మీ బలానికి ఒక కోత ఉండాలి. ఆ కోత ఏమిటో పిల్లలే చెప్పాలి. "నాన్న ఎడం చేత్తోనే విసరాలి", "అమ్మ అయిదు లెక్కపెట్టాకే కదలాలి". ఇక ఆ నియమంలో ఉండి నిజంగా ఆడండి. ఊరికే ఓడిపోవడం మాత్రం వద్దు. ఏడేళ్ళ పిల్లకి కూడా నాన్న కావాలని ఓడిపోతే ఇట్టే తెలుస్తుంది, ఆట మీద మనసు విరిగిపోతుంది. కష్టపడి గెలిచిన రోజున ఆ పిల్ల అన్నం తింటూ ఆట మొత్తం మళ్ళీ చెప్తుంది. తొక్కుడుబిళ్ళ, తాడాట, కోతికొమ్మచ్చి, కబడ్డీ అన్నిటికీ ఇదే పద్ధతి. కర్రాబిళ్ళ మాత్రం మరీ చిన్నపిల్లలతో ఇరుకు వీధిలో ఆడకండి. బిళ్ళ కంటికి తగిలితే కన్ను పోయే ప్రమాదం ఉంది. ఖాళీ మడిలో, ఎదురుగా ఎవరూ లేనప్పుడే ఆడండి.

వాన పడే రోజులకి, అక్టోబరు నవంబరుల్లో తుపాను ముసురు పట్టే రోజులకి వసారా చాలు. అప్పుడు బలం పని పెట్టుకోండి. ఒక వెదురుకర్ర గానీ, చీపురు లేని పొడుగు కర్ర గానీ తీసుకుని, కాళ్ళు భుజాలంత ఎడంగా పెట్టి, వీపు నిటారుగా ఉంచి కిందికి కూర్చోండి, కర్ర పట్టుకుని లేవండి, తల మీదికి ఎత్తండి. కూర్చున్నప్పుడు మడమలు లేవకూడదు, వీపు వంగకూడదు. బరువులెత్తే ఆటలో కొత్తవాళ్ళకి ముందు ఒడుపు నేర్పేదీ ఇలా తేలికపాటి కర్రతోనే. పిల్ల మీకు కోచు, మీరు పిల్లకి కోచు. "అమ్మా, నీ మడమ లేచింది" అని తప్పు పట్టే అవకాశం వాళ్ళకి ఇవ్వండి. దాని కోసమైనా రోజూ వస్తారు. చేతుల మీద నడిచే బండినడక, కప్పగెంతులు, గోడకి ఆనుకుని లేని కుర్చీ మీద కూర్చోవడం కూడా ఇందులోకే వస్తాయి. గెంతే ఆటలు ఎదిగే ఎముకని గట్టిచేస్తాయి. బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారని ఒక భయం మన ఊళ్ళల్లో ఉంది. సరైన శిక్షణలో, వయసుకి తగిన బరువుతో చేసే వ్యాయామం ఎదుగుదలని ఆపదు. ప్రమాదమల్లా కోచు లేకుండా పందెం వేసుకుని ఎత్తడంలో ఉంది. ఇనుము పట్టుకోవాలనే ఆసక్తి పిల్లకి నిజంగా ఉంటే తెలిసిన కోచు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంట్లో మాత్రం కర్ర చాలు.

తప్పెటగుళ్ళ సంగతి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ఛాతీకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, వలయంగా గెంతుతూ, వంగుతూ, రెండు చేతులా దరువేస్తూ మన యాదవ కళాకారులు గంటల తరబడి ఆడతారు. ఆ కళాకారుడి ఊపిరీ పిక్కలూ చూస్తే ఏ పరుగు పందెంగాడైనా దండం పెట్టాలి. మీ ఊరి జాతరలో దళం వచ్చినప్పుడు పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి అడుగులు గమనించమనండి. ఇంటికొచ్చాక ఖాళీ బిస్కెట్ డబ్బా మూత ఒకటి ఛాతీ దగ్గర పట్టుకుని, ముందు నెమ్మదిగా, తర్వాత దరువు పెంచుతూ గెంతండి. రెండు నిమిషాలకే అందరికీ చెమట పడుతుంది. వయసు మళ్ళిన నాన్నమ్మ కుర్చీలో కూర్చుని దరువు వెయ్యొచ్చు, భుజాలకి అదీ మంచి పనే.

ఆదివారాలకి కొండలున్నాయి. శ్రీకాకుళం వాళ్ళకి శాలిహుండం. వంశధార దక్షిణపు ఒడ్డున గార మండలంలో ఉంది. కొండ పెద్దది కాదు, ఏడెనిమిదేళ్ళ పిల్లలు హాయిగా ఎక్కుతారు. పైన ఇటుకల స్తూపాలు, చైత్యాల పునాదులు, కింద వంశధార. సగం దూరంలో "కాళ్ళు నొప్పి" అని పిల్లలు కూలబడతారు. అప్పుడు అరవకండి, కథ అందుకోండి. మన వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో ఈ శిథిలాలని గుర్తించారు. ఆయన సవర గూడేల వాళ్ళ భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాసిన మనిషి. "ఆయన ఇక్కడే నిలబడి ఏం చూశాడో పైకెళ్ళి చూద్దామా?" అంటే ఇంకో యాభై అడుగులు పడతాయి. అక్కడ ఇంకో ప్రశ్న. ఎత్తుకోమన్నా ఎత్తుకోకండి, కూర్చుని నీళ్ళు తాగి మళ్ళీ లేవండి. విజయనగరం వాళ్ళకి రామతీర్థం ఉంది. దర్శనం చేసుకుని బండెక్కి వచ్చెయ్యకుండా, చుట్టూ ఉన్న కొండల మీది బౌద్ధ, జైన శిథిలాల వైపు ఒక పూట నడక పెట్టుకోండి. చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్తే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టుకుని ఉంటాయి. పక్షుల లెక్క మొదలెడితే పిల్లలు ఎంత దూరం నడిచారో వాళ్ళకే గుర్తుండదు.

కళింగపట్నం, బారువ, చింతపల్లి తీరాల్లో ఇసక మీద వట్టికాళ్ళతో నడక, పరుగు పందెం గట్టి ఇసక మీద అద్భుతంగా ఉంటాయి. నీళ్ళ దగ్గర మాత్రం గట్టిగా చెప్తాను. సముద్రంలో మోకాలి లోతు దాటనివ్వకండి, చెయ్యి వదలకండి. నాగావళి, వంశధార ఒడిశా కొండల్లో పుట్టిన నదులు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన వాన పడితే నీళ్ళు ఒక్కసారి పెరుగుతాయి. ఇసక తవ్విన గోతులు నీటి అడుగున కనపడవు. ఈత నేర్పాలి, తప్పకుండా నేర్పాలి, కానీ తెలిసిన ఈతగాడి చేతిలో, తెలిసిన చోట.

ఎండ విషయంలోనూ మన తీరం వేరు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఏడున్నర దాటాక, సాయంత్రం అయిదుకి ముందు ఆటలు వద్దు. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్య నీళ్ళు ఇవ్వండి. తిరిగొచ్చాక మజ్జిగ కలిపిన చోడి అంబలి ఇవ్వండి. రంగు రంగుల సీసాలు కొనక్కర్లేదు. కిడ్నీ జబ్బుతో ఎన్నో కుటుంబాలు నలిగిపోతున్న ఉద్దానం వాళ్ళకి ఒక మాట: ఒళ్ళు నొప్పులని మందుల షాపులో నొప్పి బిళ్ళ అడిగి మింగకండి. ఆ బిళ్ళలు కిడ్నీకి చేటు. కొత్తగా మొదలెట్టినప్పుడు పిక్కలు, తొడలు రెండు మూడు రోజులు నొప్పి పెట్టడం మామూలే, దానంతట అదే పోతుంది. బీపీ, సుగరు, గుండె ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడిగే మొదలెట్టండి.

"మేం పొద్దస్తమానం పొలంలో వంగి పనిచేస్తాం, మాకు వ్యాయామం ఎందుకు?" అని రైతు కుటుంబాలవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఊడ్పుల్లోనో జీడితోటలోనో గడిపి వచ్చిన మనిషిని పరిగెత్తమనడం అన్యాయం. వాళ్ళకి కావలసింది విరామం, ఒళ్ళు సాగదీయడం. చాప వేసి వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలు ఛాతీకి లాక్కుని ముప్ఫై దాకా ఉంచండి. లెక్క పిల్లలు పెడతారు, వాళ్ళూ పక్కన అదే చేస్తారు. వంగిన నడుముకి అదే మందు. పిల్లలు పొలం గట్టు మీద పరిగెత్తడం, చెరువు గట్టు దాకా ఆవుని తోలుకెళ్ళడం మంచివే. పని భారం మాత్రం వాళ్ళ భుజాల మీద పెట్టి దానికి వ్యాయామం అని పేరు పెట్టకండి.

ఇక ఊళ్ళో లేని నాన్నల గురించి. మన రెండు జిల్లాల నుంచి విశాఖకి, హైదరాబాదుకి, చెన్నైకి, చేపల వేటకి గుజరాత్ దాకా వెళ్ళినవాళ్ళు ఎందరో. సంక్రాంతికి వచ్చి, కనుమ వెళ్ళగానే రైలెక్కుతారు. పిల్లలు తాతల దగ్గర, అమ్మ దగ్గర. అలాంటి నాన్న వచ్చిన నాలుగు రోజులూ కొత్త బట్టలు, సినిమా, బిర్యానీల్లో గడిచిపోతుంటాయి. ఆ నాలుగు రోజుల్లో రోజుకొక గంట పిల్లలతో ఆడండి. ఒక్క ఆట కొత్తగా నేర్పి వెళ్ళండి. తాడాటలో కాళ్ళు మార్చి గెంతడం కావచ్చు, కబడ్డీలో కూత ఆపకుండా వెనక్కి తిరగడం కావచ్చు. వెళ్ళాక ఫోనులో "బాగా చదువుతున్నావా?" అని అడిగే ముందు "ఇవాళ తాడు ఎన్ని గెంతావు? నేనైతే డ్యూటీ అయ్యాక నలభై" అని చెప్పండి. మీరూ అక్కడ గెంతాలి సుమా, అబద్ధం చెప్పకూడదు. దూరంగా ఉన్న ఇద్దరు ఒకే పని చేస్తుంటే మాట్లాడుకోవడానికి రోజూ ఏదో ఒకటి ఉంటుంది. ఇక్కడ తాతయ్య ఉంటే ఆయనకి పిల్లల నడక అప్పగించండి: గుడి దాకా వెళ్ళి రావడం, దారిలో చెట్ల పేర్లు చెప్పడం. తాత కాళ్ళు పట్టెయ్యకుండా ఉండటానికీ అదే మార్గం.

ఆడపిల్లల విషయం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. పన్నెండు పదమూడేళ్ళు వచ్చేసరికి వీధిలో ఆడే ఆడపిల్లలు ఒక్కొక్కరే మాయమైపోతారు. ఎవరూ గట్టిగా వద్దనరు. "ఇంకా ఏటే ఆ గెంతులు?" అని ఒక మాట, పక్కింటివాళ్ళ చూపు, అంతే. మల్లీశ్వరి మొదలుపెట్టిన వయసుకి మన పిల్లలు ఆపేస్తున్నారు. దీనికి ఉపన్యాసాలు పనిచెయ్యవు. అమ్మ చెంగు బొడ్లో దోపుకుని వీధిలోకి దిగితే పనిచేస్తుంది. అమ్మ ఆడుతున్న చోట కూతుర్ని లోపలికి పొమ్మనే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇద్దరు ముగ్గురు అమ్మలు కలిస్తే సందెవేళ ఆ వీధి ఆడపిల్లలదే. నెలసరి రోజుల్లో కూడా ఓపిక ఉంటే ఆడొచ్చు, నడవొచ్చు. నొప్పి ఉంటే మానొచ్చు. ఆ నిర్ణయం పిల్లదే అని చెప్పండి. ఆటకి పనికొచ్చే బట్టలు, కొలతకి సరిపడే బూట్లు అబ్బాయికి కొన్న రోజే అమ్మాయికీ కొనండి.

ఒకటి రెండేళ్ళు ఇలా గడిచాక, పద్నాలుగేళ్ళ కొడుకు ఒకరోజు "నాన్నా, నేను ఫ్రెండ్స్‌తో ఆడతాను" అని వెళ్ళిపోతాడు. నొచ్చుకోకండి, వెంటపడకండి. వాడు కోరితే అంపైరుగా నిలబడండి, బంతులు అందించండి, మనిషి తక్కువైతే ఫీల్డింగుకి వెళ్ళండి. ఆదివారం కొండ మాత్రం ఇంటిదిగానే ఉంచండి, దాన్ని ఎవరూ మానకూడదని ముందే మాట తీసుకోండి. మిగిలిన రోజుల్లో మీ పావుగంట మీరు మానకండి. చిన్నది ఇంకా ఇంట్లోనే ఉంది, దాని పెంకులు పేర్చడానికి ఒక మనిషి కావాలి.